వెండితెరపై శ్రమజీవి

పనిపాటలు చేసికొని బ్రదుకు సామాన్యుని గూర్చి చలనచిత్రములు తీయుట ఈ కాలమున పుట్టిన కొత్త ముచ్చట యని తలంచువారు కలరు. చలనచిత్ర చరిత్ర తొలి పుటలు తిరుగవేసినచో సంగతి తలక్రిందుగా కనబడును. ప్రజల యెదుట ప్రదర్శింపబడిన మొట్టమొదటి చిత్రములలో ఒకటి కార్మికులను గూర్చినదే. 1895వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు లియోన్ నగరములో లూమియేర్ సోదరులు తమ కర్మాగారపు గేటు ఎదుట కెమెరా నిలిపి, పని ముగించుకొని వెలుపలికి వచ్చుచున్న పనివారిని చిత్రించిరి. ఫోటోలు తీయుటకు ఉపయోగించు పలకలను తయారుచేయు కర్మాగారమది. గేటు తెరచుకొనును, ఆడవారు, మగవారు గుంపులుగా వెలుపలికి వత్తురు, చెరియొక దిక్కునకు పోవుదురు. చిత్రము ముగియును. నిమిషమైనను పట్టదు. ఆ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరములోని గ్రాండ్ కెఫేలో రుసుము తీసికొని చూపిన చిత్రములలో ఇదియు నుండెను.

ఆరు నెలలు గడచి కొలది దినములైన తరువాత, అనగా 1896 జూలై 7వ తేదీన, లూమియేర్ సోదరుల ప్రతినిధి బొంబాయిలోని వాట్సన్ హోటలున ఆరు చిన్న చిత్రములను ప్రదర్శించెను. భారతదేశమున జరిగిన తొలి చలనచిత్ర ప్రదర్శన అదియే. ఆ ఆరింటిలో కర్మాగారమునుండి వెలువడు కార్మికుల చిత్రమొకటి. కావున మన దేశమున సినిమా కన్ను తెరచిన నాడే పనివాని ముఖము చూచినదని చెప్పవచ్చును.

అయితే ఆ కెమెరా గేటు వెలుపలనే నిలిచినది. లోపల ఎన్ని గంటలు పనిచేసిరి, కూలి యెంత, చేతులెట్లు నొచ్చినవి, మేస్త్రీ యెట్లు పలుకరించెను అను ప్రశ్నలకు ఆ చిత్రమున జవాబు లేదు. గేటు దాటి లోపలికి పోవుటకు సినిమాకు చాల కాలము పట్టినది. మన తెలుగు సినిమాకు మరింత కాలము పట్టినది. ఆ ప్రయాణమెట్లు సాగినదో, చివరకు తెలుగు చిత్రమొకటి, ఫ్రెంచి భాషా చిత్రమొకటి ఒకే ప్రశ్నను రెండు కొసలనుండి ఎట్లు పట్టుకొన్నవో ఈ ప్రసంగమున పరిశీలింతము.

మన సామర్లకోటనే తీసికొందము. బెజవాడనుండి కటకమువరకు తీరము వెంబడి పరచిన రైలుమార్గము 1893, 1896 సంవత్సరముల నడుమ అంచెలంచెలుగా తెరువబడినది. ఆ మార్గమున సామర్లకోట ఒక కూడలి. కాకినాడకు పోవు శాఖ ఇక్కడ చీలును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళకే ఈ ఊర డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ వారి చక్కెర కర్మాగారము నడచుచుండెను. అనగా లియోన్ పట్టణమున కెమెరా ముందు గేటు తెరచుకొనిన కాలమునకు కొంచెము ఇటుగా గోదావరి మండలమునను అటువంటి గేటొకటి తెరచుకొని మూసికొనుచుండెను. చెరకు బండ్లు తోలువారు, గోతాలు మోయు ముఠా కూలీలు, బాయిలరు చెంత నిలుచువారు, రైలు పట్టాల వెంట నడచు గాంగుమనుష్యులు, వీరందరు ఆ ఊరి దినచర్య. వారి యెదుట కెమెరా నిలుపవలెనన్న తలంపు ఆ దినములలో ఎవరికిని రాలేదు.

తలంపు రాకపోవుటకు కారణము కెమెరా అందుబాటున లేకపోవుట కాదు. సామర్లకోటకు కూతవేటు దూరమున ఉన్న కాకినాడలోనే చిత్తజల్లు పుల్లయ్యగారు 1920ల నడిమి సంవత్సరములలో మూగచిత్రము తీయగల సాహసము చూపిరి. ఆయన ఎన్నుకొన్న కథ మార్కండేయునిది. తరువాత 1934లో ఆయన దర్శకత్వమున వచ్చిన టాకీ 'లవకుశ'. ఈ యెన్నికలో వింత లేదు. తెలుగుదేశమున ప్రజలను ఒకచోట చేర్చగల కథలు హరికథలలోను, తోలుబొమ్మలాటలలోను, నాటక సమాజముల పద్యములలోను పండియున్నవి. పెట్టుబడి పెట్టువాడు తెలిసిన కథనే కోరును. చూచువాడును తెలిసిన దేవుడినే కోరెను. ఆ చూచువారిలో అధికసంఖ్యాకులు నేల టిక్కెట్టు కొనినవారు. పగలంతయు బస్తాలు మోసినవాడు, నాట్లు వేసినది, సాయంకాలము అణాలు చెల్లించి నేలపై కూర్చుండి ఇంద్రసభను చూచెడివారు. తెరమీదికి రాని శ్రమజీవి తెర యెదుట మొదటి వరుసలో నుండెను. తెలుగు సినిమా అతని డబ్బులతో పెరిగినది.

ఈ స్థితిని మొదట కదలించినవారు గూడవల్లి రామబ్రహ్మముగారు. 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీసి, ఆయన మన ఊళ్ళలోని మనుష్యులను తెరమీదికి తెచ్చిరి. 'రైతుబిడ్డ'లో బళ్ళారి రాఘవాచార్యులుగారు రైతు పాత్ర ధరించిరి. అప్పు చేసిన చిన్న రైతు ఎన్నికలలో జమీందారు పక్షమునకు ఓటు వేయనందున పడిన పాట్లు ఆ చిత్రమునకు వస్తువు. కొందరు జమీందారులకు అది మిక్కిలి ఆగ్రహము కలిగించినది. విచిత్రమేమనగా, ఆ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు అండ చల్లపల్లి జమీందారుగారే. అటుపిమ్మట 1948లో మద్రాసు ప్రభుత్వము జమీందారీల రద్దు చట్టము చేసెను. 1955లో అదే సారథి పతాకమున తాపీ చాణక్యగారు 'రోజులు మారాయి' తీసిరి. భూకామందు అన్యాయమునకు ఎదురునిలిచిన రైతుల కథ అది. కొసరాజుగారు దానికి వ్రాసిన ఏరువాక పాట ఊరూర మారుమ్రోగినది.

ఈ చిత్రముల గౌరవమునకు లోటు చేయకుండగనే ఒక మాట చెప్పవలసియున్నది. వాటి ప్రశ్న భూమిని గూర్చినది. భూమి యెవరిది, శిస్తు యెవరికి, న్యాయము ఎటు అన్నవి వాటి చింతలు. అది ఆ కాలమునకు తగిన ప్రశ్నయే. కాని నాగలి పట్టిన గంటల లెక్క, వంగి నాట్లు వేయు నడుము నొప్పి, చీకటి పడినను తీరని చాకిరి వాటిలో కథగా రాలేదు, పాటగా వచ్చినవి. తెరమీద పొలముపని అనగా పల్లవి, చరణము, వరుసగా కదలు తలపాగాలు. పాట ముగియుసరికి పంట యింటికి వచ్చును. నాట్లనాటి పాట నిజ జీవితమునను కలదు గదా యని శ్రోతలు అడుగవచ్చును. కలదు. అలసట మరచుటకు కూలిజనము పాడుకొనునది అది. సినిమా ఆ పాటను తీసికొని అలసటను వదలివేసినది.

తెలుగున ఆ అలసటను తిన్నగా చూచిన చిత్రమునకు 1977వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ చిత్రము 'ఒక ఊరి కథ'. తీసినవారు తెలుగువారు కారు. వంగదేశీయుడైన మృణాల్ సేన్. మూలకథ తెలుగు కాదు. 1936లో కన్నుమూసిన ప్రేంచంద్ చివరికాలమున వ్రాసిన 'కఫన్'. ముఖ్యపాత్రధారి వాసుదేవరావుగారు కన్నడ రంగమునకు చెందినవారు. అయినను ఆ చిత్రము పలికినది తెలుగు. నిలిచినది తెలుగు పల్లెలో. దానికి ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము లభించినది. చెకోస్లోవేకియా దేశపు కార్లోవీ వారీ చిత్రోత్సవమునను అది గౌరవము పొందినది.

వెంకయ్య, కిష్టయ్య తండ్రీకొడుకులు. ఊరి చివర గుడిసెలో కాపురము. వారు పని చేయరు. చేయలేక కాదు, చేయగూడదని. పగలంతయు ఎముకలు అరగదీసికొన్నవాడును రాత్రి పస్తే యుండునప్పుడు, ఆ శ్రమ ఆసామి గాదెను నింపుటకే గదా యని వెంకయ్య వాదము. దొంగిలించియో, అడుక్కొనియో పొట్ట పోసికొనుట అతనికి నయమని తోచును. ఆ యింటికి కోడలుగా వచ్చిన నీలమ్మ పని చేయవలెనను పట్టుదల కలది. ఇల్లు సరిదిద్దవలెనని ఆమె ఆశ. మమతా శంకర్ ఆ పాత్రను ధరించిరి. నీలమ్మ ప్రసవవేదనతో మరణించును. తండ్రీకొడుకులు శవముపై కప్పు బట్టకొరకని ఊరివారిని యాచింతురు.

వెంకయ్యను సోమరి యని త్రోసిపుచ్చుట సులభము. చిత్రము అందుకు వీలు కల్పింపదు. అతని మాటలు దుర్మార్గముగా వినబడును, అతని లెక్క మాత్రము తప్పు కాదు. అతని లెక్క సరియైనదే యైనచో నీలమ్మ ఏల మరణింపవలెను? పనిచేసినవారికి కూడు పెట్టని ఊరు, చివరకు పని చేయ నిష్టపడిన ఒక్క మనిషిని బలిగొన్నది. ఈ చిక్కుముడిని మృణాల్ సేన్ విప్పలేదు. మన చేతిలో పెట్టిరి. గమనింపదగిన విశేషమొకటి కలదు. వాసుదేవరావుగారికి అంతకు పూర్వము జాతీయ ఉత్తమ నటుడను గౌరవము తెచ్చిన కన్నడ చిత్రము 1975 నాటి 'చోమన దుడి'. అందు ఆయన తనకంటూ కొంత భూమి దున్నుకొనవలెనని జీవితాంతము తపించిన చోముడు. రెండేండ్లు తిరుగకముందే పనియన్న మాటకే వెగటుపడిన వెంకయ్య అయ్యెను. ఆ ఇరువురు ఎదురుబొదురు మనుష్యులవలె కనబడుదురు. నిజమునకు చోముని ఆశ తీరనందుననే వెంకయ్య పుట్టెనని మనము చెప్పుకొనవచ్చును.

పిదప 1988లో బి. నరసింగరావుగారు 'దాసి' తీసిరి. 1920ల నాటి తెలంగాణములో ఒక దొర గడియందు చాకిరి చేయు కమలాక్షి కథ అది. కూలి లేదు, గడియారము లేదు, సెలవు లేదు, కాదనుటకు నోరు లేదు. ఆమె శరీరము కూడ ఆ చాకిరిలో భాగమే. ఈ చిత్రమున సంభాషణలు స్వల్పము. ఒక పనినుండి మరియొక పనికి, ఒక వాకిలినుండి మరియొక వాకిలికి ఆమె నడకను కెమెరా ఓపికతో అనుసరించును. ఆ ఓపికయే చిత్రమునకు ప్రాణము. పాటగా మారక పని పనిగానే తెరమీద నిలిచినది. ఉత్తమ తెలుగు చిత్రమునకు, నటి అర్చనకు, ఛాయాగ్రాహకుడు ఏ.కే. బీర్‌కు, కళాదర్శకత్వమునకు వైకుంఠముగారికి, దుస్తుల రూపకల్పనకు సుదర్శన్‌గారికి, మొత్తము ఐదు జాతీయ పురస్కారములు వచ్చినవి. 1990లో అదే దర్శకుడు పల్లె విడిచి హైదరాబాదునకు వలసవచ్చి, ఇండ్లు కట్టు కూలీల జీవితమును 'మట్టిమనుషులు' అను చిత్రముగా మలచిరి. ఇతరులకు మేడలు కట్టి తాము గుడిసెలలో నుండువారి కథ అది.

ఇక ఫ్రెంచి భాష వైపు మరలుదము. గోదావరివాసులకు ఆ భాష అంత పరాయిది కాదు. కాకినాడకు దక్షిణమున యానాము 1954 వరకు ఫ్రెంచి వారి పాలనలో నుండెను. అక్కడి కచ్చేరి కాగితములు ఫ్రెంచిలో నడచినవి. అంతకన్న పాత బంధము మరియొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఈ తీరమునుండి కూలిపనికి ఓడలెక్కిన తెలుగువారు హిందూమహాసముద్రపు దీవులలో చెరకు తోటలకు పోయిరి. మారిషస్‌లో వారికి 'కొరింగీలు' అను పేరు నిలిచినది. మన కోరంగి రేవు పేరే అది. ఇక్కడ చెరకు నరికిన చేతులే అక్కడ ఫ్రెంచి మాటాడు తోటదొరలక్రింద చెరకు నరికినవి. కావున ఫ్రెంచి భాషలోని పని కథ మనకు వినవలసిన కథయే.

1999లో కాన్ చిత్రోత్సవమున అత్యున్నత పురస్కారమైన స్వర్ణపత్రమును గెలిచిన చిత్రము 'రోజెట్టా'. తీసినవారు బెల్జియము దేశపు డార్దెన్ సోదరులు, జాన్-పియేర్, లూక్. లీయేజ్ నగర పరిసరములలోని ఉక్కు కర్మాగారముల పట్టణము వారి చిత్రములకు నెలవు. ఆ కర్మాగారములు ఒకనాడు వేలమందికి కూడుపెట్టి, తరువాత ఒకటొకటిగా చల్లబడినవి. రోజెట్టా యౌవనములో అడుగిడిన బాలిక. తాగుడుకు లోబడిన తల్లితో బండి ఇంటిలో కాపురము. చిత్రము ఆరంభమగుసరికే ఆమెను కర్మాగారమునుండి తొలగించియుందురు. ఆమె వెలుపలికి పోనని పెనుగులాడును. లూమియేర్ చిత్రమున పనివారు గేటునుండి వెలుపలికి ఉత్సాహముతో వచ్చిరి. నూరేండ్లు దాటిన తరువాత ఫ్రెంచి భాషలోనే ఒక బాలిక అదే గేటునుండి వెలుపలికి రానని తలుపులు పట్టుకొని వ్రేలాడినది. పనికొరకు ఆమె చేయని యత్నము లేదు. తనకు అన్నము పెట్టిన ఒకే ఒక స్నేహితుని రహస్యమును యజమానికి చెప్పి, అతని పనిని తాను సంపాదించును.

ఈ పాత్ర ధరించిన ఎమిలీ దెకెన్ ఆ యేడే కాన్‌లో ఉత్తమ నటీమణులలో ఒకరుగా గౌరవము పొందిరి. ఆమె 2025లో పరలోకగతురాలైరి. ఆ చిత్రము వచ్చిన యేటనే బెల్జియము ప్రభుత్వము యువజనులకు తొలి ఉద్యోగము చూపు పథకమును చట్టము చేసినది. యాభై మందికి మించి పనివారు గల సంస్థలు కొంతమంది యువకులను తీసికొనవలెనని దాని నియమము. ప్రజలు ఆ పథకమును రోజెట్టా పేరనే పిలిచిరి.

వెంకయ్యను, రోజెట్టాను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. ఒకరు పని వలదనుటకు ఎంతకైనను తెగింతురు; ఒకరు పని కావలెనని ఎంతకైనను తెగింతురు. ఒకరు తన కోడలిని పోగొట్టుకొందురు. మరియొకరు స్నేహితుని అమ్ముకొందురు. ఇరువురికిని బాధ యొకటే. పని దొరకకపోవుట మనిషికి ఒక అవమానము. దొరికిన పని మనిషిని మిగుల్చకపోవుట మరియొక అవమానము. ఈ రెండిటి నడుమ నలిగిన వారి మంచిచెడ్డలను సులువుగా తూచుటకు వీలులేదని ఈ చిత్రములు మనకు నేర్పుచున్నవి. పేదవాడు దొంగతనము చేసెనని, కృతఘ్నుడాయెనని మనము వాకిట కూర్చుండి తీర్పులు చెప్పుదుము. ఆ తీర్పు చెప్పుటకు ముందు అతని దినము ఎట్లు గడచునో చూడవలెను. సినిమా అట్లు చూపగలదు. అరుదుగానైనను చూపినది.

ఇందుకు ఒక ఆక్షేపణ వినబడును. రోజంతయు కష్టపడినవాడు సాయంకాలము మరల కష్టమునే చూచుటకు టిక్కెట్టు కొనునా? మరపుకొరకు గదా సినిమాకు పోవుట? ఈ మాటలో న్యాయము కలదు. మార్కండేయుడు, లవకుశులు అలసిన ప్రాణములకు ఇచ్చిన ఊరట చిన్నది కాదు. దానిని తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. అయితే శ్రమజీవిని చూపు చిత్రములు ఆ శ్రమజీవికొరకు మాత్రమే కావు. అతడు తన కష్టము ఎరుగును. ఎరుగనివారము మనము. మిల్లు బియ్యము తిని మిల్లులో ఊక ధూళి పీల్చువారిని ఎరుగము. తీపి తిని చెరకు నరికినవారిని ఎరుగము. ఆ చిత్రములను చూడవలసినవారు మొదట మన వంటి గృహస్థులే. ఈ పురస్కార చిత్రములు పట్టణములలోని సినిమాహాళ్ళకు అంతగా రాలేదన్నది నిజమే. అయినను దూరదర్శన్ ఆదివారపు మధ్యాహ్నములలో దేశములోని అన్ని భాషల చిత్రములను ప్రసారము చేసిన దినములలో, హాలులో చూడని ఇటువంటి చిత్రములు అనేక గృహములకు చేరినవి.

కథ అంతటితో ఆగలేదు. 2024లో కాన్ చిత్రోత్సవమునందలి ఒక విభాగమున పురస్కారములందిన ఫ్రెంచి చిత్రమొకటి కలదు. బోరిస్ లోజ్‌కిన్ తీసిన ఆ చిత్రమునకు సులేమాన్ కథ అని అర్థము వచ్చు పేరు. గినీ దేశమునుండి పారిస్‌కు వచ్చిన యువకుడు సైకిలుపై ఇండ్లకు భోజనములు చేరవేయుచుండును. పనిచేయుటకు అనుమతి కాగితము లేనందున మరియొకరి పేరిట పనిచేసి, వచ్చిన దానిలో వాటా వారికి ఇచ్చుకొనును. ఈ పనికి గేటు లేదు, మేస్త్రీ లేడు. చేతిలోని ఫోనే మేస్త్రీ. ముఖ్యపాత్ర ధరించిన అబూ సంగారే కూడ గినీనుండి వలస వచ్చినవాడే. వృత్తి నటుడు కాడు. అతనికి ఆ విభాగమున ఉత్తమ నటుని పురస్కారము లభించినది.

అట్టి సైకిలు, మోటారు సైకిలు మన ఊళ్ళలోను తిరుగుచున్నవి. సామర్లకోట స్టేషనులో దిగి, ఉత్తరమునకో దక్షిణమునకో మరియొక బండి పట్టుకొని పనికి పోవు యువకులు ఏనాడును తక్కువ కాలేదు. ఓడలెక్కిన కోరంగి కూలీ మనుమలు నేడు రైళ్ళెక్కుచున్నారు. వారి దినచర్యను కెమెరా ఇంకను చూడవలసియున్నది. అట్టి చిత్రము వచ్చినపుడు అది ఏ భాషలో వచ్చినను, పురస్కారము వచ్చినను రాకపోయినను, మన యింటి తలుపు తట్టి సరకులు అందించిపోవు మనిషి కథగా దానిని చూతము. అతడు మరల వచ్చినపుడు పేరు అడుగుటకు, మంచినీరు ఇచ్చుటకు సినిమా చూడవలసిన పని లేదు. చూచినచో మరువకుండ జ్ఞాపకముండును.